పాత హాంకాంగ్ గ్యాంగ్‌స్టర్ సినిమాల్లో అంతగా ఏముంది? – ఒక ఎడిటర్ సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మిత్రుడు చెప్పగా మీరు 1986 నాటి 'ఎ బెటర్ టుమారో' సినిమాను ఇంగ్లిష్ డబ్బింగ్‌లో చూశారు. అందులోని కన్నీళ్లు, కౌగిలింతలు, ఒక్కడే గదినిండా ఉన్న మనుషులను కాల్చి బయటికి నడిచి రావడం మీకు అతిగా తోచాయి. ఈ పాత కాంటనీస్ (హాంకాంగ్‌లో మాట్లాడే చైనీస్ భాష) గ్యాంగ్‌స్టర్ సినిమాలను జనం ఇప్పటికీ ఎందుకు నెత్తిన పెట్టుకుంటున్నారు, ఇది ఆ రోజుల్లో కుర్రవాళ్లుగా ఉన్నవారి జ్ఞాపకాల మోజు మాత్రమేనా, ఇంకొకటి చూడాలంటే ఏది చూడాలి అని అడిగారు.

జ్ఞాపకాల మోజు మాత్రమే కాదని ముందుగా సూటిగా చెబుతాను. ఈ సినిమాల్లో మంచివన్నీ బాకీ కథలు. ఒకడు ఇంకొకడికి మాట ఇచ్చి ఉంటాడు, లేదా ఒకడివల్ల ఇంకొకడి బతుకు పాడై ఉంటుంది. ఆ బాకీ తీర్చకుండా ప్రశాంతంగా బతకడం అతనికి చేతకాదు. తుపాకీ కాల్పులన్నీ ఆ బాకీ తీర్చే దారిలో వస్తాయి కాబట్టే వాటికి బరువు ఉంటుంది. దీనికి తోడు, కాల్పుల దృశ్యాన్ని పాటలా లయతో కూర్చే పనితనం ఆ ఊరి సాంకేతికులకు అబ్బినట్టు ఆ కాలంలో మరెక్కడా అబ్బలేదని నా అభిప్రాయం. నేను హైదరాబాద్‌లో ఇరవై ఏళ్లకు పైగా ఎడిటింగ్ గదుల్లో పనిచేస్తున్నాను. పోరాట దృశ్యాలు కూర్చడం నా పనిలో పెద్ద భాగం కనుక ఈ సినిమాలను ముక్కముక్కగా విడదీసి చూసే అవసరం నాకు చాలాసార్లు కలిగింది.

మీరు చూసిన సినిమాతోనే మొదలుపెడతాను. అందులో మీకు అతిగా తోచిన రెస్టారెంట్ దృశ్యాన్ని ఒకసారి గుర్తు తెచ్చుకోండి. తైవాన్‌లో తన మిత్రుణ్ని నమ్మించి పోలీసుల పాలు చేసినవాళ్లు ఒక గదిలో విందు చేసుకుంటున్నారు. చౌ యున్-ఫాట్ పోషించిన మార్క్ పొడవాటి కోటు వేసుకుని, పక్కన ఒక అమ్మాయితో సరసాలాడుతూ నడవాలో నడుస్తాడు. నడుస్తూనే గోడ వెంట ఉన్న పూలకుండీల్లో ఒక్కొక్క పిస్తోలు దాస్తాడు. లోపలికి వెళ్లి రెండు చేతులా కాలుస్తాడు. తిరిగి వచ్చేటప్పుడు ఖాళీ అయిన పిస్తోళ్లను వదిలేసి కుండీల్లోని వాటిని అందుకుంటాడు. తూటాలు మళ్లీ నింపుకోవడానికి ఆగే పని లేదు కాబట్టి అతని నడకలోని లయ చెడదు. మొదట మనకు సరసంలా కనిపించిన నడక అంతా పథకమేనని, అతను తన తిరుగుదారిని ముందే కొలిచి పెట్టుకున్నాడని అప్పుడు తెలుస్తుంది.

అయితే ఈ దృశ్యం మొత్తానికి అసలైన షాటు ఆ తర్వాతది. అంతా అయిపోయిందనుకున్న క్షణంలో, చావక మిగిలిన ఒకడు వెనకనుంచి అతని కాలిని కాలుస్తాడు. తర్వాతి కథంతా ఆ కాలిమీదే నడుస్తుంది. మిత్రుడు మూడేళ్ల జైలు శిక్ష ముగించుకుని హాంకాంగ్‌కు వచ్చేసరికి, ఆ కోటు మనిషి కుంటుకుంటూ, ఒకప్పుడు తమ కింద పనిచేసిన కుర్రవాడి కారు అద్దాలు తుడుస్తూ, వాడు నేలమీదికి విసిరిన డబ్బును వంగి ఏరుకుంటూ కనిపిస్తాడు. ఆ తర్వాత కార్ల గ్యారేజీలో ఒక మూల కూర్చుని డబ్బాలోని అన్నం తింటూ ఉంటాడు. మిత్రుడు వచ్చి ఎదుట నిలబడతాడు. మీకు అతిగా తోచిన కౌగిలింత అదే. మిత్రుడికోసం కాలు పోగొట్టుకున్నవాడు అక్కడ ఉన్నాడు, ఆ సంగతి తెలియకుండా మూడేళ్లు గడిపినవాడు అతని ఎదుట ఉన్నాడు. ఆ క్షణంలో వాళ్లు కన్నీళ్లు ఆపుకుంటేనే నాకు అబద్ధంగా ఉండేది.

నా దగ్గర పనిచేసిన ఒక సహాయకుడి సంగతి ఇక్కడ చెప్పాలి. అతను ఎంతో ఇష్టంతో ఒక లఘుచిత్రం తీశాడు. రెండు పిస్తోళ్లు, పొడవాటి కోటు, స్లో మోషన్, గాజు పగలడం అన్నీ పెట్టాడు. కూర్పు కూడా తప్పుపట్టడానికి లేదు. అయినా చూసినవాళ్లలో ఎవరికీ ఏమీ అనిపించలేదు. ఎందుకని అతను నన్ను అడిగినప్పుడు, నీ హీరో ఈ గదిలోకి వెళ్లడంవల్ల ఏం పోగొట్టుకుంటాడు అని తిరిగి అడిగాను. అతను దానిగురించి ఆలోచించనే లేదు. 'ఎ బెటర్ టుమారో' దర్శకుడు జాన్ వూ సినిమాల నుంచి కోటు తీసుకుని కాలిని వదిలేసినవాళ్లు మన దేశంలోనే కాదు, హాలీవుడ్‌లో కూడా చాలామంది ఉన్నారు.

ఈ బాకీ అన్న భావానికి ఆ నేలలో లోతైన వేళ్లు ఉన్నాయి. కాంటనీస్‌లో 'యీహేయ్' అనే మాట ఉంది. తోటివాడిపట్ల ధర్మం, నమ్మకం, అవసరమైతే ప్రాణమైనా ఇచ్చే నిజాయితీ అన్నీ కలిసిన మాట అది. ప్రాచీన చైనాలో మూడు రాజ్యాల కాలపు సేనాని గువాన్ యూ దీనికి ప్రతీక. ఎర్రటి ముఖం, పొడవాటి గడ్డం, చేతిలో పెద్ద కత్తి ఉన్న ఆయన విగ్రహానికి హాంకాంగ్‌లో నేర ముఠాలవాళ్లూ, పోలీసులూ కూడా ధూపం వెలిగిస్తారు. పోలీసుస్టేషన్లలో ఆయన పీఠం ఉండడం అక్కడ మామూలు విషయం. దొంగా పోలీసూ ఒకే దేవుడికి మొక్కే ఊళ్లో, వాళ్లిద్దరిమధ్య గౌరవం పుట్టడం అక్కడి ప్రేక్షకుడికి వింతగా అనిపించదు. జాన్ వూ తీసిన 1989 నాటి 'ద కిల్లర్' సినిమా అంతా ఈ పునాదిమీదే నిలబడింది.

ఆ సినిమాలో ఒక దృశ్యాన్ని నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. కిరాయి హంతకుడు ఒక కాల్పుల మధ్య అనుకోకుండా ఒక గాయని చూపు పోవడానికి కారణమవుతాడు. ఆమె కళ్ల ఆపరేషన్‌కు డబ్బు సంపాదించడమే అతని బాకీ. డానీ లీ పోషించిన పోలీసు అతన్ని వెతుక్కుంటూ ఆమె ఇంటికే వస్తాడు. ఇద్దరూ ఒకరి ముఖానికి ఒకరు పిస్తోలు గురిపెట్టుకుని గది మధ్యలో నిలబడతారు. ఆమెకు కళ్లు సరిగ్గా కనిపించవు. వచ్చింది ఎవరని అడిగితే, ఆమెను భయపెట్టడం ఇష్టంలేక, ఇద్దరూ చిన్ననాటి మిత్రుల్లా ముద్దుపేర్లతో పిలుచుకుంటూ మాట్లాడతారు. ఆమె వాళ్లకు టీ సిద్ధం చేస్తుంది. పిస్తోళ్లు దించకుండానే వాళ్లు ఒకరిచుట్టూ ఒకరు తిరుగుతారు. అబద్ధంగా మొదలైన ఆ స్నేహం గది దాటేలోపు నిజం కావడం మొదలవుతుంది. ఒక్క తూటా పేలని ఈ దృశ్యం నా దృష్టిలో ఆ సినిమా మొత్తంలో గొప్ప యాక్షన్ దృశ్యం.

భాష విషయం కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే మీ అనుభవం చెడడానికి సగం కారణం ఆ ఇంగ్లిష్ డబ్బింగే అని నా అనుమానం. ముఠాలో పైవాణ్ని కాంటనీస్‌లో 'దాయ్ లో' అని పిలుస్తారు. అంటే పెద్దన్న. మన ఊళ్లలో నాయకుణ్ని 'అన్నా' అని పిలిచినప్పుడు అందులో ప్రేమ, భయం, ఆసరా, లొంగుబాటు అన్నీ ఎలా ఉంటాయో ఇందులోనూ అలాగే ఉంటాయి. ఇంగ్లిష్‌లో 'బ్రదర్' అనగానే అదంతా ఆవిరైపోయి, మిగిలిన కన్నీళ్లు కారణంలేనివిగా కనిపిస్తాయి. 'ఎ బెటర్ టుమారో'లో ముఠా అన్న, సొంత అన్న అనే రెండు వరసల మధ్య నలిగిపోయేది ఒకే మనిషి. టి లుంగ్ పోషించిన ఆ పాత్రకు సొంత తమ్ముడు పోలీసు. అన్న అనే మాట ఎవరి నోట, ఎప్పుడు వస్తుంది, ఎప్పుడు రాకుండా ఆగిపోతుంది అన్నదే కథ. తెలుగు ప్రేక్షకుడికి ఇది ఇంగ్లిష్ ప్రేక్షకుడికంటే త్వరగా అందాలి.

నాకూ మొదట అందలేదు. నేను మొదటిసారి ఈ సినిమాను మాండరిన్ డబ్బింగ్ ఉన్న వీసీడీలో చూశాను. సబ్‌టైటిళ్లు సగం తెర బయటికి పోయాయి. కాల్పులు మాత్రం చూసి పక్కన పెట్టేశాను. కొన్నేళ్ల తర్వాత కాంటనీస్ ధ్వనితో చూసినప్పుడు నేను చూసింది వేరే సినిమా అనిపించింది. ఆ కాలపు హాంకాంగ్ సినిమాల్లో చాలావాటికి చిత్రీకరణ తర్వాతే గొంతులు చేర్చేవారు కాబట్టి, అసలు ప్రతిలో కూడా పెదవులకు మాటలకు అక్కడక్కడ పొంతన కుదరదు. దానికి మీరు సిద్ధపడాలి. ఇంకో హెచ్చరిక కూడా ఉంది. కొన్ని డీవీడీలలో పాత మోనో ధ్వనిని, అంటే ఒకే చోటునుంచి వినిపించే ధ్వనిని తీసేసి, కొత్త తుపాకీ శబ్దాలు అతికించి, చుట్టూ మోగేలా చేశారు. వీలైతే అసలు మోనో ధ్వని ఉన్న ప్రతినే వెతకండి. పాత పేలుడు శబ్దం పొడిగా, పదునుగా ఉంటుంది. కూర్పు ఆ శబ్దం నిడివికి తగ్గట్టు చేసింది కాబట్టి, దాన్ని మారిస్తే కట్‌లు తడబడినట్టు కనిపిస్తాయి.

పనితనం గురించి మరికొంత. జాన్ వూ హాంకాంగ్ సినిమా సంస్థ షా బ్రదర్స్‌లో దర్శకుడు చాంగ్ చే దగ్గర సహాయ దర్శకుడిగా పనిచేశారు. చాంగ్ చే తీసినవి కత్తియుద్ధ వీరుల కథలు. రక్తం కారుతున్నా నిలబడి పోరాడే మగవాళ్లు, వాళ్ల స్నేహాలు, చావును సాగదీసి చూపే స్లో మోషన్ ఆయన ముద్రలు. శిష్యుడు ఆ కత్తులు తీసి పిస్తోళ్లు పెట్టారు. టి లుంగ్ స్వయంగా చాంగ్ చే సినిమాల వీరుడే. కాబట్టి 1986లో థియేటర్‌లో కూర్చున్న హాంకాంగ్ ప్రేక్షకుడు, సూటు వేసుకున్న ఆ మనిషిలో పాత ఖడ్గవీరుణ్ని కూడా చూశాడు. రెండు చేతులా రెండు పిస్తోళ్లు పట్టుకుంటే గురి కుదరదని తుపాకుల గురించి తెలిసినవారు అభ్యంతరం చెబుతారు. నిజమే, కానీ అది జంట కత్తుల విన్యాసమని గుర్తిస్తే ఆ అభ్యంతరం వీగిపోతుంది.

కూర్పులో జాన్ వూ చేసేది ఇది. ఒకే కదలికను అనేక కెమెరాలతో, వేర్వేరు వేగాల్లో తీస్తారు. మామూలు వేగపు షాటు మధ్యలో ఒక నెమ్మది ముక్క, మళ్లీ వేగం. నెమ్మది ముక్క చాలాసార్లు దెబ్బమీద పడదు. దెబ్బకు ముందు చూపుమీదో, దెబ్బ తర్వాత ముఖంమీదో పడుతుంది. ఈ చిన్న తేడాను గమనించకుండా పేలుడుమీద స్లో మోషన్ పెట్టేవాళ్లు ఆయన్ను అనుకరించామని అనుకుంటారు. దీనికి పూర్తిగా ఎదురు నిలిచేది ఆయనే తీసిన 1992 నాటి 'హార్డ్ బాయిల్డ్'లోని ఆసుపత్రి షాటు. ఇద్దరు పోలీసులు గదుల వెంట కాల్చుకుంటూ వెళ్లడం సుమారు రెండు నిమిషాల నలభై సెకన్లపాటు ఒక్క కట్ లేకుండా సాగుతుంది. మధ్యలో వాళ్లు లిఫ్ట్ ఎక్కి ఇంకో అంతస్తులో దిగుతారు. నిజానికి అది అదే అంతస్తు. లిఫ్ట్ తలుపులు మూసి ఉన్న కొద్ది సెకన్లలో బయట సిబ్బంది పరుగులమీద శిథిలాలు తీసేసి, సెట్‌ను మార్చి, కొత్త పేలుళ్లు సిద్ధం చేశారు. ఆ లిఫ్ట్‌లో పాత్రలు మాట్లాడుకునేది, తాము ఇప్పుడే కాల్చింది తోటి పోలీసునని తెలిసిన బాధ గురించి. బయట అంత హడావిడి జరుగుతుండగా లోపల ఇంత నిశ్శబ్దం పెట్టాలన్న ఆలోచనకు నేను ఇప్పటికీ చేతులెత్తి మొక్కుతాను.

కాలం సంగతి క్లుప్తంగా. 1984 డిసెంబరులో బ్రిటన్, చైనా సంయుక్త ప్రకటనపై సంతకాలు చేశాయి. అప్పటికి బ్రిటన్ పాలనలో ఉన్న హాంకాంగ్ 1997 జులై 1న చైనాకు వెళ్తుందని తేలిపోయింది. ఒక ఊరికి ఊరంతా తన భవిష్యత్తు మారే తేదీ తెలుసుకుని బతకడం మామూలు విషయం కాదు. వెళ్లిపోవాలా, ఉండాలా అన్న ప్రశ్న ప్రతి ఇంట్లోనూ ఉండేది. మార్క్ కొండమీద నిలబడి కింద మెరిసే ఊరిని చూస్తూ ఈ అందం పోతుందే అని బాధపడే ఘట్టం ఆ ప్రేక్షకులకు ఎలా తగిలి ఉంటుందో ఊహించుకోండి. అయితే ప్రతి తూటాలోనూ 1997ను వెతికే విమర్శకులతో నేను ఏకీభవించను. ఆ బెంగ వెనక సంగీతంలా ఉంది, అంతే. ముందున్నది మనుషులే.

ఆ సినిమా తీసినవాళ్లు కూడా అప్పటికి ఓడిపోయినవాళ్లలో లెక్క. జాన్ వూ హాస్య చిత్రాలు ఆడక తైవాన్‌లో ఆఫీసు పని చూసుకుంటున్నారు. చౌ యున్-ఫాట్‌కు టీవీలో ఎంత పేరున్నా సినిమాల్లో ఆడడన్న ముద్ర పడింది. టి లుంగ్ వెలుగు తగ్గిపోయింది. నిర్మాత సూయ్ హార్క్ వీళ్లను కలిపారు. సినిమా 3.4 కోట్ల హాంకాంగ్ డాలర్లకు పైగా వసూలు చేసి అక్కడి రికార్డును తిరగరాసింది. పడిపోయి లేవాలనుకునే మనిషి తపన ఆ ముఖాల్లో నటన మాత్రమే కాదని నాకు తోచడానికి ఇది ఒక కారణం.

ఇక లోపాలు. స్త్రీ పాత్రలు చాలా సినిమాల్లో బలహీనం. ఏడవడానికి, ఎదురుచూడడానికి, పాడడానికి మాత్రమే ఉంటారు. ఒకటి ఆడితే అదే అచ్చులో పది హడావిడిగా తీసేవారు కాబట్టి చెత్త కూడా విపరీతంగా ఉంది. వీటికంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. నిజమైన ముఠాలకు ఈ యీహేయ్‌తో సంబంధం చాలా తక్కువ. హాంకాంగ్ చట్టం ప్రకారం ట్రయాడ్ (అక్కడి రహస్య నేర ముఠా) సభ్యత్వమే నేరం. ఆ ముఠాలు సినిమా పరిశ్రమలోకే చొరబడి, నటులను బెదిరించి తమ చిత్రాల్లో నటింపజేశాయి. ఆ బెదిరింపులను భరించలేక 1992 జనవరిలో సినిమావాళ్లు వీధుల్లోకి వచ్చి ఊరేగింపు చేశారు. తెరమీద అన్నలను కొలిచిన పరిశ్రమ తెరవెనక ఆ అన్నలకు భయపడిందన్న సంగతి తెలిసి చూడడం మంచిది. 1996లో మొదలైన 'యంగ్ అండ్ డేంజరస్' వరస, కామిక్ పుస్తకాల ఆధారంగా ముఠా కుర్రవాళ్లను తారల్లా చూపించినప్పుడు అక్కడ పెద్ద విమర్శే వచ్చింది. ఆ విమర్శ న్యాయమైనదే. నేను మీకు దాన్ని మొదటగా సూచించను.

ఏది చూడాలి అన్నదానికి, మీకు కన్నీళ్లు ఇబ్బంది కాబట్టి దర్శకుడు రింగో లామ్ నుంచి మొదలుపెట్టమంటాను. 1987 నాటి 'సిటీ ఆన్ ఫైర్'లో జాన్ వూ సినిమాల్లో ఎగిరే పావురాలు లేవు, అందమైన చావులు లేవు. రద్దీ వీధులు, చలి, అలసిన ముఖాలు ఉన్నాయి. నగల దుకాణాలు దోచే ముఠాలోకి రహస్యంగా చేరిన పోలీసు కథ అది. ముఠాలో ఒకడు అతన్ని నిజంగా స్నేహితుడిగా నమ్ముతాడు. ఆ నమ్మకమే అతనికి బాకీ అవుతుంది, అతని ఉద్యోగం ఆ బాకీకి అడ్డు నిలుస్తుంది. చివర గోడౌన్‌లో ఒకరిమీద ఒకరు తుపాకులు గురిపెట్టుకునే ఘట్టం అమెరికాలో 1992 నాటి 'రిజర్వాయర్ డాగ్స్'కు దారి చూపింది. పోలీసు పాత్రలకు పేరుపడ్డ డానీ లీ ఇందులో దొంగ కావడం వల్ల ఆ స్నేహానికి ఇంకో రుచి వచ్చింది.

దాని తర్వాత వాంగ్ కార్-వాయ్ మొదటి చిత్రం, 1988 నాటి 'యాజ్ టియర్స్ గో బై' చూడవచ్చు. ఎందుకూ పనికిరాని తమ్ముడిలాంటి అనుచరుణ్ని వదిలించుకోలేని ఒక అన్న కథ అది. హాంకాంగ్‌లోని మోంగ్‌కాక్ వీధుల రాత్రి రంగులు మీకు చాలాకాలం గుర్తుంటాయి.

ఆ తర్వాత తప్పక చూడవలసింది జానీ టో 1999లో తక్కువ డబ్బుతో, మూడు వారాలలోపే తీసిన 'ద మిషన్'. ఒక ముఠా నాయకుడికి కాపలాగా కుదిరిన ఐదుగురి కథ. ఇందులో జాన్ వూ పద్ధతి అంతా తలకిందులవుతుంది. షాపింగ్ మాల్‌లో కాల్పులు జరిగేటప్పుడు ఐదుగురూ స్తంభాల పక్కన తలా ఒక దిక్కు చూస్తూ కదలకుండా నిలబడతారు. ఎడిటర్‌గా నాకు ఆ దృశ్యం పాఠ్యపుస్తకం, ఎందుకంటే కదలని మనుషుల షాట్లు కోసి ఉత్కంఠ పుట్టించడం పరుగెత్తేవాళ్ల షాట్లు కోయడంకంటే ఎన్నో రెట్లు కష్టం. ఒక సినిమా శిక్షణ తరగతిలో ఈ దృశ్యాన్ని నేను మొదట ధ్వని లేకుండా చూపించాను. ఎవరు ఎటు చూస్తున్నారు, ఎవరి వెనక ఎవరున్నారు అన్నది పిల్లలందరూ తడుముకోకుండా కాగితంమీద గీయగలిగారు. ఇప్పటి పెద్ద బడ్జెట్ పోరాట దృశ్యం ఒకటి చూపించి అదే పని చెయ్యమంటే ఎవరివల్లా కాలేదు.

అదే సినిమాలో ఇంకొకటి ఉంది. ఐదుగురూ ఒక ఆఫీసు బయట నాయకుడికోసం ఎదురుచూస్తుంటారు. ఏమీ తోచక ఒకడు నలిపిన కాగితపు ఉండను కాలితో తంతాడు. పక్కవాడు ముఖంలో ఏ భావమూ లేకుండా దాన్ని ఆపి ఇంకొకడికి అందిస్తాడు. సూట్లు వేసుకున్న ఐదుగురు పెద్దమనుషులు ఒక్క మాట లేకుండా కాసేపు ఫుట్‌బాల్ ఆడతారు, తలుపు తెరుచుకోగానే మళ్లీ బిగుసుకుని నిలబడతారు. వాళ్లు ఒక ముఠా నుంచి ఒక జట్టుగా మారింది అక్కడే. తర్వాత ఆ ఐదుగురిలో ఒకడు చేసిన తప్పుకు మిగతా నలుగురూ ఏం చెయ్యాలన్న ప్రశ్న వచ్చినప్పుడు, మన గుండె ఆ కాగితపు ఉండకోసమే కొట్టుకుంటుంది.

ఈ మూడూ చూశాక 'ద కిల్లర్', ఆపైన మీరు పక్కన పెట్టిన 'ఎ బెటర్ టుమారో' మళ్లీ చూడండి, ఈసారి కాంటనీస్‌లో. గ్యారేజీలో డబ్బా అన్నం తినే దృశ్యం దగ్గర మీకు ఏమనిపించిందో ఇక్కడే రాయండి. అప్పటికీ అతిగానే తోస్తే, ఎక్కడ తోచిందో ఆ షాటు చెప్పండి, దాన్ని నేను మళ్లీ టేబుల్‌మీద పెట్టి చూసి జవాబు రాస్తాను.